స్వల్పచికిత్సలు, మత్తుమందులు, మన కుటుంబముల జాగ్రత్త

(శృంగవరపుకోటలో జరిగిన ఆర్యవైశ్య వార్షిక మహాసభయందు ఒక వైద్యసభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)

  

ఇట్టి సభలయందు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. కార్యనిర్వాహకులు నాకు నియమించిన విషయము వాటికంటె వేఱు. పన్ను తీయించుకొనునప్పుడును, కడుపులోనికి గొట్టము పంపి పరీక్షించునప్పుడును, విఱిగిన చేయి సరిచేసి కట్టునప్పుడును, గర్భస్రావమైన స్త్రీకి గర్భాశయమును శుభ్రపఱచునప్పుడును వైద్యులిచ్చు మత్తుమందులను గూర్చి మాట్లాడవలసినదని వారు కోరిరి. ఇది వైద్యుల సభలో చెప్పదగినదే గాని కులసభలో చెప్పదగినదా యని కొందఱు సందేహింపవచ్చును. ఇది మన సభలోనే ముఖ్యముగా చెప్పదగిన విషయమనియు, తక్కినవారికంటె మనకు హెచ్చుగా సంబంధించినదనియు నా మాటలు ముగియులోపల తమకే తోచునని నమ్ముచున్నాను.

చికిత్స చిన్నది, మందు చిన్నది కాదు

మనలో నొక వాడుకమాట కలదు: "చిన్న ఆపరేషనే, సాయంత్రమునకు ఇంటికి వచ్చెదము." ఈ మాటలో సగము నిజమున్నది. గాటు చిన్నది, కుట్లు రెండో మూడో, పనికి పట్టు కాలము పది నిమిషములు. కాని ఆ పది నిమిషములు రోగిని కదలకుండ నుంచుటకై యిచ్చు మందు, గాటు చిన్నదని తన బలమును తగ్గించుకొనదు. మెదడులో మెలకువ నడచు త్రోవయు, ఊపిరిని నడపు త్రోవయు ఇరుగుపొరుగున నున్నవి. మొదటిదానిని మూయబోయిన మందు రెండవదానిని తాకుట కెంతో సేపు పట్టదు.

ఈ సంగతి లోకమునకు తెలిసినది కాలిగోరు చికిత్సలోనే. 1847 నవంబరులో ఎడింబరో నగరమున సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారము మత్తును వాడుకలోనికి తెచ్చెను. మూడు మాసములు నిండకమునుపే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లాండులోని న్యూకాసిల్ సమీపమున వింలేటన్ అను గ్రామమందు హానా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలికకు, కండలోనికి పెరిగిన కాలిగోరును తీయుటకై, ఆ మందు వాసన చూపిరి. కొన్ని నిమిషములలోనే ఆ బాలిక ప్రాణములు విడిచెను. క్లోరోఫారమువలన కలిగిన మరణములలో నమోదైన మొదటిది ఇదియే. అంతకుముందు అదే పిల్లకు రెండవ కాలిగోరును ఈథరు మత్తుతో సుఖముగానే తీసియుండిరి. కనుక "పోయినసారి ఏమియు కాలేదుగదా" యను ధైర్యము చాలదని ఆ మొదటి మరణమే చాటినది.

హైదరాబాదులో జరిగిన విచారణ

క్లోరోఫారము ప్రాణము తీయుట గుండె నాపియా, ఊపిరి నాపియా యను వాదము అటుపిమ్మట నలువది ఏండ్లు సాగెను. ఆ వాదమునకు తీర్పు చెప్పుటకై లోకమంతటికిని పెద్ద విచారణ జరిగినది మన తెలుగునేలమీదనే యని మనలో పెక్కుమందికి తెలియదు. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతిగా నుండిన ఎడ్వర్డు లారీ అను సైనికవైద్యుడు, ఆఱవ నిజామైన మహబూబు ఆలీఖాను ప్రభువు పోషణతో 1888లో ఒక సంఘమును కూర్చి జంతువులపై పరీక్షలు జరిపించెను. ఊపిరి ఆగనిదే గుండె ఆగదనియు, కావున నాడిని చూచుచు కూర్చుండక ఊపిరినే కనిపెట్టవలయుననియు వారు నిర్ణయించిరి. లండను నగరపు లాన్సెట్ పత్రిక ఇది నమ్మలేదు. అంతట నిజాము వేయి పౌనులిచ్చి, మీకు నమ్మకమైన పరిశోధకునే పంపుడని కోరెను. లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు 1889లో హైదరాబాదునకు వచ్చి, రెండవ సంఘములో చేరి, వందలకొలది పరీక్షలు చేసి, లారీ పక్షమే సత్యమని ప్రకటించెను.

అప్పటి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్జీ అను పార్శీ యువతి యుండెను. ఆమె లారీ శిష్యురాలై, హైదరాబాదు ఆసుపత్రులలో మత్తు నిచ్చు పనినే తన వృత్తిగా గ్రహించి, ప్రపంచమున మత్తువైద్యము నవలంబించిన తొలి స్త్రీలలో ఒకతెగా పేరొందెను. మన ఆడుబిడ్డలను వైద్యవిద్యకు పంపుదమా మానుదమా యని నేటికిని తర్జనభర్జనలు చేయు తల్లిదండ్రులు ఈ పేరును జ్ఞప్తియందుంచుకొందురుగాక.

అయితే హైదరాబాదు తీర్పు పూర్తిగా నిలువలేదు. 1911లో లెవీ అను పరిశోధకుడు, క్లోరోఫారము తేలికగా ఇచ్చినపుడే, ఊపిరి ఆడుచుండగనే, గుండె కంపించి ఆగుట కలదని పిల్లులపై పరీక్షలు చేసి నిరూపించెను. లారీ చెప్పినదానిలో సగము సరి, సగము పొరపాటు. ఊపిరిని కన్నార్పక చూడుమనుట సరి. గుండె జోలి అక్కఱలేదనుట పొరపాటు. క్లోరోఫారముతో మత్తు ఇచ్చుట నేడు లేదు. కాని దానికి బదులుగా వచ్చిన మందులన్నిటికిని ఆ సగము సత్యము వర్తించుచునే యున్నది: రోగి ఛాతీమీద చూపు నిలిపిన మనిషి ఒకడు ప్రత్యేకముగా నుండవలయును.

నేటి మందులు

నేడు స్వల్పచికిత్సలలో వాడుకయందున్న మందులను స్థూలముగా చెప్పెదను. మిడజోలమ్ అనునది భయమును తగ్గించి, జరిగినది గుర్తులేకుండ చేయును. ఫెంటనిల్ నొప్పిని చంపును. కెటమిన్ నొప్పిని చంపి, ఊపిరిని అంతగా తగ్గింపక, మనస్సును వేఱొక లోకమునకు పంపును. పాలవలె తెల్లగానుండు ప్రొపొఫాల్ క్షణములలో నిద్ర పుచ్చి, ఆపిన కొద్ది నిమిషములకే విడిచిపోవును. ఇవియన్నియు మంచి మందులు. వీనివలననే పూర్వము నలుగురు పట్టుకొని చేయవలసిన పనులు నేడు రోగికి తెలియకుండ జరుగుచున్నవి. ఎవరును వీనికి వెఱవవలసిన పని లేదు. వీనిని తేలికగా చూచుటకు మాత్రము వెఱవవలయును.

మత్తునకు నాలుగు మెట్లున్నవి. మొదటి మెట్టున భయము తగ్గును, మెలకువ యుండును. రెండవ మెట్టున కునుకుపట్టును. పిలిచినను తట్టినను పలుకును. ఊపిరి తనంతట తానే ఆడును. మూడవ మెట్టున నొప్పి కలిగించిననే గాని కదలడు. నాలుక వెనుకకు జాఱి ఊపిరిత్రోవ మూతపడవచ్చును. నాలుగవది సంపూర్ణమైన మత్తు. ఈ మెట్లకు నడుమ తలుపులు లేవు, గొళ్లెములు లేవు. రెండవ మెట్టుకని ఇచ్చిన మోతాదే వృద్ధుని, బక్కపలుచని మనిషిని, గుఱకపెట్టు స్థూలకాయుని మూడవ మెట్టునకు దింపవచ్చును. అందుచేతనే రోగిని ఏ మెట్టున నుంచదలచిరో అంతకంటె ఒక మెట్టు దిగినను బయటకు తీయగల సామర్థ్యము ఉన్నవారే మత్తు నీయవలయునని వైద్యశాస్త్ర నియమము.

ఈ నియమము ఊరక పుట్టలేదు. మిడజోలమ్ అమెరికాలో వాడుకలోనికి వచ్చిన క్రొత్తలో, 1980ల చివరి భాగమున, దానిని పాత మందువలెనే తలచి, ఒక్కసారిగా ఎక్కించుటవలనను, నొప్పిమందుతో కలిపి ఇచ్చుటవలనను ఊపిరి ఆగిన మరణములు బయటపడినవి. అంతట మందుతోడి కాగితముమీద గట్టి హెచ్చరికలు ముద్రింపబడినవి. మోతాదును తగ్గించి, మెల్లగా, కొంచెము కొంచెముగా ఇచ్చి ఫలితమును చూడవలయునని వైద్యులు నేర్చుకొనిరి. మిడజోలమునకు ఫ్లుమజెనిల్, ఫెంటనిలునకు నలోక్సోన్ అను విఱుగుడులు కలవు. కాని విఱుగుడు ముందుగా అరిగిపోయి, మొదటి మందు మరల తలయెత్తవచ్చును. కనుక లేచి కూర్చున్న రోగిని వెంటనే బండియెక్కించుట తగదు. ప్రొపొఫాలునకు విఱుగుడే లేదు. దాని విఱుగుడు రోగికి ఊపిరి పోయగల వైద్యుని చేతులే.

ఐశ్వర్యము గాని, మహానగరము గాని దీనినుండి కాపాడదు. 2014 ఆగస్టు 28వ తేదీన న్యూయార్కులో జోన్ రివర్స్ అను 81 ఏండ్ల ప్రఖ్యాత హాస్యనటికి గొంతును, జీర్ణకోశమును గొట్టముతో పరీక్షించుచుండగా ప్రొపొఫాల్ మత్తులో ప్రాణవాయువు చాలక గుండె ఆగెను. సెప్టెంబరు 4న ఆమె మరణించెను. పిమ్మట ప్రభుత్వ విచారణలో బయటపడిన లోపములలో ఒకటి మన అంగళ్లలోని పిల్లలకు సైతము తెలియదగినది: మందు ఇచ్చుటకు ముందు ఆమె బరువును తూచి వ్రాసియుండలేదు. తూకము మన కులవిద్య. తూచకుండ సరకు ఇచ్చిన వర్తకుని మనమేమందుమో తమకు తెలియును.

మన రక్తములోని విశేషము

ఇప్పుడు మనకు ప్రత్యేకముగా సంబంధించిన సంగతికి వచ్చెదను. ఆసుపత్రిలో మత్తువైద్యుడు కొన్నిసార్లు, "మీరు వైశ్యులా?" యని అడుగును. ఆసుపత్రిలో కులమేల యని కొందఱు చిన్నబుచ్చుకొందురు, కొందఱు కోపింతురు, కొందఱు నవ్వి ఊరకుందురు. ఆ ప్రశ్నకు గల కారణము ఇది.

1950 ప్రాంతముల వాడుకలోనికి వచ్చిన సక్సినైల్‌కోలిన్ అను మందు కలదు. దానిని వైద్యులు స్కోలిన్ అందురు. అది నిద్రమందు కాదు. కండరములను క్షణములలో సడలించు మందు. ఊపిరిత్రోవలో గొట్టము వేయవలసినప్పుడును, మత్తులో నున్న రోగికి గొంతు బిగిసి ఊపిరి ఆడక పోయినప్పుడును, మెదడునకు విద్యుచ్చికిత్స చేయునప్పుడును దీనిని వాడుదురు. చాలమందిలో దీని పని పది నిమిషముల లోపల ముగియును. ఏలయనగా రక్తములో సూడోకోలినెస్టరేజ్ అను పదార్థమొకటి దానిని వెంటనే విఱుగగొట్టును. ఆ పదార్థము పనిచేయనివారిలో స్కోలిన్ విఱుగదు. కండరములు గంటలకొలది సడలియే యుండును. ఊపిరి పీల్చు కండరములును కండరములే గదా! అట్టివాడు తనంతట తాను ఊపిరి తీయలేడు.

ఈ పదార్థములోని తేడా వంశానుగతమని 1950లలోనే కెనడా దేశమునందలి కాలో అను శాస్త్రజ్ఞుడు రక్తపరీక్ష ద్వారా చూపెను. మన వైశ్యులలో ఇది హెచ్చుగా నున్నదని దక్షిణదేశపు మత్తువైద్యులు అనుభవముచే కనుగొనిరి. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి, మనలో దీనికి మూలమైన జన్యులోపమును గుర్తించి ప్రకటించిరి: ఆ పదార్థపు నిర్మాణములో 307వ స్థానమున ఒక అంశమునకు బదులు వేఱొక అంశము చేరినది. 2017లో హైదరాబాదులోని కణ అణుజీవశాస్త్ర పరిశోధనాలయమువారును, అమెరికాలోని హార్వర్డువారును కలిసి ప్రకటించిన పరిశోధనలో, ముప్పది లక్షలకు మించిన వైశ్యసమాజమున ఈ లోపము ఇతరులలో కంటె సుమారు 100 రెట్లు హెచ్చని చెప్పిరి.

ఇది మనకు మచ్చ యని ఎవరును తలపరాదు. అదే పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమాజములను చూడగా, 81 సమాజములు కొద్దిమంది పూర్వులనుండి విస్తరించినవని తేలినది. ప్రతి సమాజమునకును తనదైన యొక విశేషముండును. కొందఱిది తెలిసినది, కొందఱిది ఇంకను తెలియలేదు. మనది తెలిసియుండుట మన అదృష్టము. పైగా ఈ లోపమున్నవానికి జ్వరము రాదు, నీరసము రాదు, ఆయుస్సు తగ్గదు. ఆ యొక్క మందును, దాని జాతికి చెందిన కొద్ది మందులను తప్పించుకొన్నచో నూఱేండ్లు సుఖముగా జీవించును.

"మనము సగోత్రమున వివాహము చేసికొనముగదా, ఇది యెట్లు సంక్రమించును?" అని పెద్దలు ప్రశ్నింతురు. గోత్రము తండ్రి వరుసనే నడచును. ఈ లోపము తల్లి వరుసనుండియు, తండ్రి వరుసనుండియు సమానముగా దిగును. ఒక్కవైపునుండి మాత్రము వచ్చినవానికి సాధారణముగా బాధ యుండదు. రెండువైపులనుండియు వచ్చినవానికే ప్రమాదము. మేనమామను గాని, మేనబావను గాని పెండ్లాడినచో ఒకే తాతనుండి ఆ లోపము రెండు త్రోవల దిగి బిడ్డలో కలిసికొనుట సులభమగును. తల్లిదండ్రు లిరువురును ఒక్కొక్క పాలు మోయువారైనచో ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు సంభవము. కనుక ఒక యింటిలో ఒకరికి ఈ లోపమున్నట్లు తేలినచో, తోబుట్టువు లందఱును పరీక్ష చేయించుకొనవలయును.

స్కోలిన్ ఇచ్చిన పిమ్మట ఇట్టి సంగతి బయటపడినచో ఏమి చేయవలయును? ఊపిరి యంత్రముతో శ్వాస నడపుచు, రోగిని నిద్రలోనే యుంచి, మందు తనంతట తాను అరిగిపోవువఱకు ఓపికతో వేచియుండవలయును. నిద్రలో నుంచుట మఱువరాదు. ఏలయన కండరములు కదలకపోయినను మెలకువ రావచ్చును. కదలలేక, పలుకలేక, అన్నియు వినుచు పడియుండుటకంటె ఘోరమైన అనుభవము లేదు. ఈ విధముగ కాపాడబడినవారు కొన్ని గంటలకు లేచి కూర్చుండి, ఏ లోపము లేక ఇంటికి పోవుదురు. కావున ప్రాణము తీయునది మన రక్తము కాదు. ముందు తెలియకపోవుటయు, శ్వాస నడపు సాధనము లేకపోవుటయు ప్రాణము తీయును. ఊపిరి ఆడక నాలుగైదు నిమిషములు గడచినచో మెదడు చెడును. ఆ నాలుగు నిమిషములలో మన ఊరినుండి విజయనగరమునకు గాని, విశాఖపట్టణమునకు గాని ఎవరును చేరలేరు.

"మేము చేయించుకొనునది స్వల్పచికిత్స, మాకు స్కోలిన్ ఏల ఇత్తురు?" అని అడుగవచ్చును. సామాన్యముగా ఈయరు. కాని తేలికమత్తు ఒక మెట్టు దిగి, గొంతు బిగిసినప్పుడు, రోగిని బ్రతికించుటకై వైద్యుడు చేతికందుకొను మందు అదే కావచ్చును. ఆ తొందరలో అతనికి కులమును, రక్తమును విచారించు వ్యవధి యుండదు. ముందుగా తెలిసియున్నచో రోక్యురోనియమ్ అను వేఱొక మందును, దాని ప్రభావమును విఱుచు సుగమడెక్స్ అను మందును సిద్ధముగా నుంచుకొనును. చికిత్సకు ముందు చెప్పిన ఒక్క మాట ఇంత పని చేయును.

ఇంకొక మాట. పన్ను తీయుటకు చిగురులో వేయు లిగ్నొకెయిన్ సూదికిని, ఈ లోపమునకును సంబంధము లేదు. అది కాలేయములో విఱుగు మందు. కనుక ఎవరును నా ఉపన్యాసము విని పంటినొప్పితో ఇంట కూర్చుండరాదు.

దాచుటవలని కీడు

ఈ లోపమును గూర్చి బహిరంగముగా మాట్లాడుటకు మనవారు జంకుదురు. "పిల్ల పెండ్లి కావలసినది, ఇంట ఇట్టిది యున్నదని తెలిసినచో సంబంధములు తప్పిపోవును" అని తల్లులు రహస్యముగా చెప్పుట నే నెఱుగుదును. వారి భయము అసహజము కాదు. కాని న్యాయముగా ఆలోచింపుడు. అద్దములు పెట్టుకొను పిల్లకు సంబంధములు రాకున్నవా? ఇది అంతకంటె తక్కువ బాధ. సంవత్సరములో ఒక్క దినమైనను బాధింపనిది. దాచినందువలన పెండ్లి నిలుచునేమో గాని, అదే పిల్లకు పురిటివేళ అకస్మాత్తుగా శస్త్రచికిత్స చేయవలసివచ్చి, అత్తవారెవ్వరికిని ఈ మాట తెలియక స్కోలిన్ ఇచ్చినచో నిలువవలసిన ప్రాణమే నిలువదు. కాగల నష్టమును ముందే ఎంచుట వర్తకధర్మము.

మనము ఒక్క రూపాయి చేతులు మాఱినను చిఠాలో వ్రాసి, ఆవర్జాలో ఎక్కించుకొను జాతివారము. ముప్పది ఏండ్లనాటి బాకీని తేదీతో చెప్పగలము. కాని ఇంటి యిల్లాలికి ఏ మందు పడదో, తండ్రికి పోయినసారి మత్తునుండి మెలకువ వచ్చుట ఎందుకు ఆలస్యమైనదో ఏ పుస్తకములోను వ్రాసికొనము. ఈ పద్దు లేని ఖాతా మనకు తగదు.

దాచరాని సంగతులు ఇంకను కలవు. త్రాగుడు అలవాటున్నవారు దానిని భార్యయెదుట చెప్పుటకు సిగ్గుపడుదురు. వైద్యుడు ఒంటరిగా అడిగినప్పుడైనను చెప్పవలయును. మత్తుమీద మత్తు చేరినచో ఊపిరికి చేటు. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ త్రాగు వృద్ధస్త్రీలు నేటికిని కలరు. వారి యంగిలియు, ఊపిరితిత్తులును ఎట్లున్నవో వైద్యుడు ముందు చూచుకొనవలయును. కదలు పండ్లు, కట్టుడు పండ్లు, రాత్రివేళ పెద్దగుఱక, ఉబ్బసము, గర్భము, నాటుమందులు, ఏవియు దాపరికమునకు తగవు. మన యిరుగుపొరుగున పురుగుమందు చల్లు రైతులుందురు. ఆ మందులును రక్తములోని అదే పదార్థమును తగ్గించును గనుక ఈ హెచ్చరిక వారికిని చెప్పుట మన ధర్మము.

గృహస్థులు పాటింపవలసినవి

మొదటిది ఉపవాసము. మత్తులో వాంతియైనచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. సామాన్యముగా చెప్పు లెక్క ఇది: మంచినీళ్లకు 2 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, తేలిక ఆహారమునకును ఇతరములైన పాలకును 6 గంటలు, నూనె, నేయి, మాంసము గల భోజనమునకు 8 గంటలు. చోడి అంబలి, గంజి, మజ్జిగ, పాలుపోసిన టీ, ఇవి త్రాగునవే యైనను మంచినీళ్లతో సమానము కావు. "కొంచెము అంబలి త్రాగించితిమి, అది ఆహారమా?" యని తల్లులు అడుగుదురు. అది ఆహారమే. పెట్టియుండినచో దాచక చెప్పుడు. చికిత్స ఒక పూట ఆలస్యమగును, అంతే. వ్యాధిని బట్టి మీ వైద్యుడు వేఱుగా చెప్పినచో అతని మాటయే ప్రమాణము.

రెండవది బిడ్డల సంగతి. పసిబిడ్డకు పరీక్షకై నిద్రమందు త్రాగింపవలసివచ్చినచో ఆసుపత్రిలోనే, చూచువారి యెదుటనే త్రాగింపవలయును. ఇంటివద్ద పట్టించి, ఒడిలో పడుకొనబెట్టుకొని బండిలో తెచ్చుట ప్రమాదము. అరకు, అనంతగిరి కొండలనుండి ఘాటుమార్గమున దిగివచ్చునప్పుడు బిడ్డ తల ముందుకు వాలి, మెడ మడతపడి ఊపిరి మూతపడినను, "నిద్రపోవుచున్నాడు" అనియే తల్లి తలచును. తిరుగుప్రయాణమునను, బిడ్డ బాగుగా మేలుకొని, గుర్తుపట్టి, నీళ్లు త్రాగినదాక బయలుదేరరాదు.

మూడవది వైద్యుని వినయముతో అడుగవలసిన ప్రశ్నలు. మత్తు నిచ్చువారు వేఱుగా నున్నారా, లేక చికిత్స చేయువారే మత్తును చూచుకొందురా? వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు, ప్రాణవాయువు, ఊపిరి పోయు సంచి, విఱుగుడు మందులు ఆ గదిలోనే యున్నవా? బరువు తూచిరా? ఆక్సీమీటరు మంచి సాధనము. 1970లలో జపానుదేశపు అయోయాగి కనిపెట్టిన మార్గమిది. కాని ప్రాణవాయువు ఇచ్చుచున్నప్పుడు, ఊపిరి ఆగిన కొంతసేపటివఱకు అది మంచి అంకెనే చూపుచుండును. కనుకనే ఛాతీని చూచు మనిషి కావలయును. లోనికి బయటకు నడచు గాలిని కొలుచు యంత్రమున్నచో మఱియు మేలు. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపింపడు. పైగా, తెలిసిన కుటుంబమని సంతోషించును. మన పల్లెటూళ్లలో ఒంటరిగా, తక్కువ సాధనములతో, రాత్రింబగళ్లు పాటుపడు వైద్యులయెడ మనకు కృతజ్ఞత యుండవలయును, వారితో బేరమాడి, "మత్తువైద్యుని పిలువకున్న ఎంత తగ్గుదురు?" అని అడుగు అలవాటు మానవలయును. ఆ తగ్గింపు మన ప్రాణములనుండి తీసి యిచ్చునదే.

సంఘము చేయదగిన పని

మాటలతో ముగించుట సభలకు అలవాటు. నేను నాలుగు పనులను ఈ మహాసభ యాలోచనకు సమర్పించుచున్నాను.

ఒకటి: సూడోకోలినెస్టరేజ్ పరీక్ష రక్తముతో చేయు సామాన్యమైన పరీక్ష. శస్త్రచికిత్స కాబోవువారును, గర్భవతులును, ఇదివఱకు మత్తునుండి ఆలస్యముగా తేఱుకొన్నవారి తోబుట్టువులును దానిని ముందుగా చేయించుకొనవలయును. గర్భము, కాలేయవ్యాధి కూడ ఆ లెక్కను తగ్గించును గనుక ఫలితమును వైద్యునిచేతనే చదివింపవలయును. పేదకుటుంబములకు ఈ వ్యయమును విద్యానిధివలెనే ఒక చిన్న ఆరోగ్యనిధినుండి భరించుట మన దాతలకు కష్టము కాదు.

రెండు: లోపమున్నట్లు తేలినవారికి తెలుగునను, ఇంగ్లీషునను "స్కోలిన్ ఈయరాదు" అని ముద్రించిన చిన్న చీటి ఇచ్చి, ఎల్లప్పుడు దగ్గర నుంచుకొనునట్లు చేయుట. అమెరికాలోను, ఇంగ్లాండులోను ఉద్యోగములు చేయు మన బిడ్డలకు ఇది మఱింత అవసరము. ఇచ్చటి మత్తువైద్యుడు పేరు వినియో, ఊరు వినియో అడుగును. అచ్చటి వైద్యునికి మన యింటిపేరు ఏమియు చెప్పదు. బిడ్డలే నోరు తెఱచి చెప్పవలయును.

మూడు: ప్రతి కుటుంబమును ఒక ఆరోగ్యపుస్తకము నుంచుకొనుట. ఎవరికి ఏ మత్తు, ఏ తేదీన, ఎట్లు పడినది, ఏ మందు పడలేదు అను పద్దులు అందుండవలయును.

నాలుగు: మన యువజనులు ఊపిరి ఆగినవానికి ఊపిరి పోయుటయు, గుండె ఆగినవానికి ఛాతీని అదుముటయు అర్హులైనవారివద్ద నేర్చుకొనుట. ఇది మన కులమువారికి మాత్రమే కాదు. శివరాత్రికి పుణ్యగిరి తీర్థమునకు వచ్చు జనసమ్మర్దములో ఎవరు కూలినను అక్కఱకు వచ్చు విద్య. ఒక కులసంఘము తన వారికొఱకు ఆరంభించిన పని ఊరందఱికి ఉపకరించుటయే ఆ సంఘమునకు శోభ.

సోదరులారా! రేపు మీలో ఎవరినైనను ఆసుపత్రిలో బల్లమీద పడుకొనబెట్టి, ముఖమునకు వస్త్రము కట్టుకొన్న వైద్యుడొకడు వంగి, "మీరు వైశ్యులా?" యని అడిగినచో కోపింపకుడు. లోకమున ఎన్నియో చోట్ల కులము నడుగుట అవమానించుటకై జరుగును. ఇచ్చట ప్రాణము నిలుపుటకై జరుగుచున్నది. అవునని చెప్పుడు, మీ యింటివారెవరైన మత్తునుండి ఆలస్యముగా లేచియుండినచో అదియు చెప్పుడు. అడుగకపోయినచో మీరే ముందుగా చెప్పుడు.